నలుగురు కలిసి వండితే జాగ్రత్త ఎవరిది?

పాతపట్నం నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరానికి ఈ వారం జవాబు చెప్పుకుందాం. ఉత్తరం సారాంశం ఇది:

"డాక్టరు గారూ, మా అబ్బాయి విశాఖపట్నంలో యూనివర్సిటీలో చదువుతున్నాడు. ముగ్గురు స్నేహితులతో కలిసి సాయంత్రాలు హోటలు నడుపుతామంటున్నాడు. అది మామూలు హోటలు కాదట, జపాను వాళ్ల పద్ధతట. బల్ల మధ్య పొయ్యి, దానిమీద మరిగే సూపు, పక్కన పచ్చి ముక్కలు. వచ్చినవాళ్లే ముక్కలు ముంచి ఉడికించుకుని తింటారట. ఒకటే ధర, ఎంతైనా తినవచ్చునట. సగం ఉడికింది తిని ఎవరైనా మంచానపడితే మా వాడి గతేమిటి? వద్దని చెప్పమంటారా?"

వద్దని చెప్పకండమ్మా. చదువుకునే పిల్లలు కలిసి వంటశాల నడుపుకోవడం మనకు కొత్త కాదు. మన యూనివర్సిటీ హాస్టళ్లలో డివైడింగ్ మెస్ అనే పద్ధతి ఎన్నో ఏళ్లుగా ఉన్నదే. సరుకులు పిల్లలే తెప్పించుకుంటారు, నెలాఖరున ఖర్చును తలా ఇంత అని పంచుకుంటారు. ఆ తిండి తిని పెద్దవాళ్లయిన డాక్టర్లు, ఇంజనీర్లు, మాస్టర్లు మీ చుట్టుపక్కలే ఉంటారు. మీ అబ్బాయి పెట్టదలచిన హోటలు కూడా బాగా నడవవచ్చు. కాని మీరు భయపడవలసిన చోటు వేరే ఉంది. ముందు ఆ తిండి సంగతి చూద్దాం.

జపాను వాళ్లు కుండను "నాబె" అంటారు. చలికాలంలో కుటుంబమంతా ఒకే కుండ చుట్టూ కూర్చుని క్యాబేజీ, పుట్టగొడుగులు, ఉల్లికాడలు, సోయా పనీరు, చేపలు, మాంసం అందులో ఉడికించుకుని తింటారు. పల్చగా కోసిన మాంసాన్ని మరిగే నీళ్లలో అటూ ఇటూ ఆడించి తినే పద్ధతికి "షాబుషాబు" అని పేరు. ముక్కను నీళ్లలో ఆడించినప్పుడు వచ్చే చప్పుడే ఆ మాట. 1952లో ఒసాకా నగరంలోని ఒక హోటలు ఆ పేరు పెట్టింది. ఎవరికి కావలసింది వాళ్లు వడ్డించుకునే బఫే భోజనాన్ని అక్కడ "వైకింగ్" అంటారు. 1958లో టోక్యో ఇంపీరియల్ హోటలు ఆ పేరుతో మొదలుపెట్టింది. ఈ రెండూ కలిస్తే మీ అబ్బాయి చెప్పిన హోటలు అవుతుంది.

వైద్యుడిగా చూస్తే ఇందులో మెచ్చుకోవలసినవి ఉన్నాయి. నూనె తక్కువ, కూరలు ఎక్కువ, వేడివేడిగా తినడం. మరిగే నీటిని మించిన క్రిమిసంహారిణి వంటింట్లో లేదు. మరి ప్రమాదం ఎక్కడ?

ఉడికిందని ఎవరు చెప్పాలి?

మీ ఇంట్లో కోడికూర ఉడికిందో లేదో మీరు గరిటెతో ముక్క విరిచి చూసి చెబుతారు. ఈ పద్ధతిలో ఆ తీర్పు ఆకలితో కూర్చున్న అతిథిది. అతను కబుర్లలో పడి, ముక్క పైన తెల్లబడగానే నోట్లో వేసుకుంటాడు. పైగా నలుగురూ ఒక్కసారే గుప్పెళ్లతో చల్లటి ముక్కలు వేస్తే మరుగుతున్న సూపు కూడా చల్లారిపోతుంది. మళ్లీ తెర్లేదాకా ఆగాలని అతనికి ఎవరు చెబుతారు?

ఆహారం లోపలిదాకా కనీసం 70 డిగ్రీల సెంటిగ్రేడు వేడెక్కాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సూక్ష్మక్రిములు సాధారణంగా మాంసం ముక్క పైభాగాన ఉంటాయి. ఖీమా చేసినప్పుడు పైనున్నవి లోపలికి కలిసిపోతాయి. కనుక ఖీమా ఉండలు లోపల ఎర్రగా ఉండగా తినడం మరీ ప్రమాదం. కోడిమాంసంలో సాల్మొనెల్లా వంటి క్రిములు ఉండటం మామూలే.

జపాను శుభ్రమైన దేశం కదా అనవచ్చు. అక్కడే 2011లో ఒక మాంసాహార హోటళ్ల సంస్థలో పచ్చి పశుమాంసం తిని అయిదుగురు చనిపోయారు. 2012 జూలై నుంచి పచ్చి ఆవు కాలేయం వడ్డించడాన్ని ఆ ప్రభుత్వం నిషేధించింది. మన పిల్లలకు నేనిచ్చే సలహా ఇది. కోడి, మేక మాంసాలు, ఖీమా ఉండలు వంటశాలలో పూర్తిగా ఉడికించి బల్లమీద పెట్టండి. అతిథి వాటిని సూపులో వేడి చేసుకుంటే చాలు. కూరలు, నూడిల్స్ మాత్రం పచ్చివి ఇవ్వండి. సరదాకు లోటుండదు. జపానులో కొన్ని కుండ వంటలకు పచ్చిగుడ్డు సొన నంజుకుంటారు. అక్కడ గుడ్లను పచ్చిగా తినడానికి తగినట్టు కడిగి, తేదీ వేసి అమ్ముతారు. మన గుడ్లతో ఆ ముచ్చట వద్దు.

ఒకే పటకారుతో రెండు పనులు

పచ్చి రొయ్యను పట్టుకున్న పుల్లలతోనే ఉడికినదాన్ని నోట్లో పెట్టుకుంటే, ఉడికించిన పుణ్యమంతా పోయినట్టే. పచ్చివాటికి ఒక రంగు పటకారు, తినడానికి వేరే చెంచా ప్రతి మనిషికీ ఇవ్వాలి. వంటశాలలో కత్తులు, కోసే పలకలు కూడా పచ్చి మాంసానికి ఒకటి, తక్కినవాటికి ఒకటి ఉండాలి.

ఇందుకు ఒసాకా చరిత్రే సాక్ష్యం. 1950లో అక్కడ చిన్న చేపల వంటకం తిని 272 మంది జబ్బుపడ్డారు, 20 మంది చనిపోయారు. ఫుజినో అనే శాస్త్రవేత్త అప్పుడే విబ్రియో తెగకు చెందిన ఒక కొత్త క్రిమిని కనుగొన్నాడు. అది ఉప్పునీటిలో పెరుగుతుంది, సముద్రపు చేపలతో, రొయ్యలతో వస్తుంది. భావనపాడు, కళింగపట్నం తీరాల నుంచి చేపలు తెచ్చుకునే మనకూ అది పరాయిది కాదు. బాగా ఉడికిస్తే చస్తుంది. కాని ఉడికిన చేపను పచ్చి చేపలు కోసిన పలకమీదే పెడితే మళ్లీ అంటుకుంటుంది.

బఫే బల్లమీద గడియారం

బంతి భోజనంలో వంటకం గాడిపొయ్యి దగ్గర నుంచి విస్తట్లోకి వచ్చేస్తుంది. బఫేలో గంటల తరబడి బల్లమీద కూర్చుంటుంది. 5 డిగ్రీలకూ 60 డిగ్రీలకూ మధ్య క్రిములు చకచకా పెరుగుతాయి. మన ఊళ్లలో గది వేడి సరిగ్గా ఈ మధ్యే ఉంటుంది. వండిన పదార్థం ఇలా రెండు గంటలకు మించి ఉండకూడదు. అంతకంటె నిలవ ఉంచాలంటే పొగలు కక్కే వేడిలోనో, ఫ్రిజ్‌లోనో ఉండాలి. పచ్చి మాంసం, చేపల పళ్లేలు ఐసుమీద ఉండాలి.

అన్నం విషయంలో మనం ఏమరుపాటుగా ఉంటాం. బియ్యంలో ఉండే ఒక జాతి క్రిమి విత్తనాలు వంట వేడికి కూడా చావవు. అన్నం గిన్నెలో ఆరిపోతూ గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి. ఆ అన్నాన్ని మళ్లీ వేయించినా విషం పోదు. తిన్న ఒకటి నుంచి ఆరు గంటల లోపల వాంతులు మొదలవుతాయి. నూడిల్స్ విషయంలోనూ ఇదే జాగ్రత్త. సగం అయిన పాత పళ్లెంలో కొత్త సరుకు కలపకండి. పళ్లెం మార్చండి. కొత్తదానికి పాతదాని వయసు అంటుకుంటుంది.

అసలు శత్రువు మొహమాటం

ఇప్పుడు మీరు భయపడవలసిన చోటుకు వద్దాం.

జీతం ఇచ్చే యజమాని ఉన్న హోటల్లో "నీకు విరేచనాలవుతున్నాయి, ఇంటికి పో" అని చెప్పే మనిషి ఉంటాడు. నలుగురు స్నేహితులు సమాన వాటాదార్లయిన చోట ఆ మాట ఎవరనాలి? ఒకడికి ఉదయం నుంచి కడుపులో వికారం. తాను రాకపోతే మిగిలిన ముగ్గురికీ పని ఎక్కువవుతుందని మాట్లాడకుండా వచ్చి ఉల్లికాడలు తరుగుతాడు. మరొకడికి వేలిమీద చీముపుండు. గుడ్డ చుట్టుకుని సాసు కలుపుతాడు. మూడోవాడికి మాంసం వాసన అనుమానంగా తోస్తుంది. పారేస్తే నలుగురి డబ్బూ పోతుందని ఊరుకుంటాడు. నాలుగోవాడు తక్కిన ముగ్గురూ చూసుకున్నారులే అనుకుంటాడు. నలుగురూ మంచి పిల్లలే. ఆ మంచితనం వల్లే అతిథులు ఆసుపత్రికి వస్తారు.

చీముపుండులో, ముక్కులో ఉండే స్టెఫైలోకాకస్ క్రిములు సాసులో చేరి గంటల తరబడి అక్కడే ఉంటే, మరిగించినా పోని విషాన్ని తయారుచేస్తాయి. నోరోవైరస్ అనే వాంతుల జబ్బు చేతుల ద్వారా సుళువుగా పాకుతుంది. దానిమీద చేతులకు రాసుకునే సానిటైజరు అంతగా పనిచేయదు. సబ్బు, పారే నీళ్లే కావాలి. వాంతులు, విరేచనాలు తగ్గాక కూడా 48 గంటలు గడిచేదాకా ఆ మనిషి వంటశాల గడప తొక్కకూడదు.

న్యూయార్క్‌లో మేరీ మలాన్ అనే వంటమనిషి ఉండేది. ఆమెకు ఏ జబ్బూ ఉన్నట్టు కనబడేది కాదు. కాని ఆమె పనిచేసిన ఇంటి తరువాత ఇంట్లో టైఫాయిడ్ వచ్చింది. 1907లో పరీక్షిస్తే ఆమె శరీరంలో ఆ క్రిములు ఉన్నాయని తేలింది. మరి వండిన పదార్థాల్లో క్రిములు చావాలి కదా? పచ్చి పీచ్ పండ్ల ముక్కలు కలిపిన ఐస్‌క్రీము ద్వారా జబ్బు పాకి ఉంటుందని ఆ కేసు పరిశోధించిన ఇంజనీరు అనుమానించాడు. కుండలో మరిగేదానికంటె కుండలోకి వెళ్లనివాటిని, అంటే నువ్వుల సాసు, కోసిన పండ్లు, ఐసు వంటివాటిని ఎక్కువ అనుమానించాలని దీన్నిబట్టి తెలుసుకోవాలి.

మీ అబ్బాయికి ఈ ఆరు మాటలు రాయండి

1. రోజుకొకరు "ఇవాళ్టి బాధ్యుడు". పేరు గోడమీద రాయాలి. అనుమానం వచ్చిన సరుకును పారేయడానికీ, జబ్బుగా ఉన్నవాడిని ఇంటికి పంపడానికీ ఆ రోజు అతనికి పూర్తి అధికారం. ఎందుకని అడిగే హక్కు తక్కినవాళ్లకు ఆ రోజు లేదు.

2. సరుకు పాడైతే పోయే డబ్బును ముందుగానే ఖర్చు కింద లెక్కవేసుకోండి. అప్పుడు పారేయడానికి మనసొస్తుంది.

3. జబ్బుగా ఉండి రానివాడి వాటా తగ్గించకండి. తగ్గిస్తే రేపు జబ్బు దాచిపెడతాడు.

4. ప్రతి పళ్లెం బల్లమీదికి వచ్చిన వేళ ఒక పుస్తకంలో రాయండి.

5. 2006 నాటి ఆహార భద్రత చట్టం కింద చిన్న బండికైనా రిజిస్ట్రేషన్ తప్పదు. వంటవాళ్లకు ఏడాదికొకసారి వైద్యపరీక్ష, టైఫాయిడ్ తరగతి జబ్బులకు టీకా ఉండాలని నిబంధన. నలుగురూ చేయించుకోవాలి.

6. గాలి ఆడని గదిలో బొగ్గుల కుంపటి పెట్టవద్దు. వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ మనిషిని నిద్రలోకి దింపి చంపుతుంది. వేడి సూపు ఒలికి ఒళ్లు కాలితే 20 నిమిషాలు పారే నీటికింద ఉంచండి. టూత్‌పేస్టు, సిరా పూయకండి.

తినేవాళ్లకు

సోయా సాసు ఒక పెద్ద చెంచాలో సుమారు రెండు గ్రాములకు పైగా ఉప్పు ఉంటుంది. రోజంతటికీ 5 గ్రాముల లోపే మంచిది. కనుక రక్తపోటు ఉన్నవాళ్లు ముక్కలు తిని సూపు వదిలేయండి. గర్భిణులు, వృద్ధులు, చిన్నపిల్లలు తమ గిన్నెలోవి ఇంకాసేపు మరగనివ్వాలి. రొయ్యలు, నువ్వులు, సోయా పడనివాళ్లు ముందే అడిగి తెలుసుకోవాలి. ఎందుకంటే కుండ అందరిదీ ఒకటే.

తిన్నాక వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ముందు నీరు పోకుండా చూసుకోండి. ఓఆర్ఎస్ పొట్లాం అయితే పొట్లాంమీద రాసినన్ని నీళ్లలో మొత్తం ఒకేసారి కలపాలి. దొరకకపోతే కాచి చల్లార్చిన ఒక లీటరు నీటిలో తలకొట్టిన ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు కలిపి గుక్కెడు గుక్కెడు తాగండి. 1971లో బనగాఁవ్ కాందిశీకుల శిబిరంలో కలరా ప్రబలినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనాబిస్ ఇటువంటి నీటితోనే ఎందరో ప్రాణాలు నిలిపారు. విరేచనంలో రక్తం, గట్టి జ్వరం, ఆగని వాంతులు, ఆరేడు గంటలుగా మూత్రం లేకపోవడం, మగతగా ఉండటం, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. రక్తం పడుతుంటే విరేచనాలు కట్టే మాత్రలు సొంతంగా మింగవద్దు. మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ కూడా వేసుకోవద్దు.

ఇంకొక్క మాట. జబ్బుపడితే ఆ హోటలు పిల్లలకు కబురు చెయ్యండి. కుర్రాళ్లు పాపం అని ఊరుకుంటే, అదే సాసు మరునాడు మరో యాభైమందికి వడ్డిస్తారు. ఆ ఊరుకోవడం కూడా మొహమాటమే.