అశ్వశక్తి లెక్క – దారి లెక్క

అమెరికాలో షెవర్లే కమారో, డాడ్జ్ ఛాలెంజర్ కార్ల తయారీ 2023 డిసెంబరులో నిలిచిపోయింది. పెద్ద వీ-8 ఇంజనుతో సామాన్యులకు అందుబాటులో ఉండే కొత్త కార్లు ఈ విధంగా అరుదైన వేళ, పాత కారు ఇంజనునే విప్పి, దాని పరిమాణం పెంచి, నిత్యం దారిపై నడుపుకొనే పద్ధతికి ప్రాధాన్యం చేకూరింది. ఆ దేశంలో దశాబ్దాలుగా వేళ్లూనిన ఈ పద్ధతిని స్ట్రోకర్ నిర్మాణం అంటారు. దీనిలోని లాభనష్టాలు అక్కడ స్థిరపడిన తెలుగు యువకులకే కాక, ఇక్కడ బండ్లకు మార్పులు చేయించుకొంటున్న వారికి సైతం తెలియదగినవి.

సిలిండరులో పిస్టన్ పైనుండి క్రిందికి పయనించే దూరమే స్ట్రోక్. క్రాంక్ షాఫ్టును మార్చి ఆ దూరాన్ని పెంచితే, ప్రతి విడతలోను అధికంగా గాలి, ఇంధనం లోనికి ప్రవేశిస్తాయి. షెవర్లే వారి 350 ఘనపుటంగుళాల ఇంజను ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. దాని సిలిండరు వ్యాసం 4 అంగుళాలు, స్ట్రోక్ 3.48 అంగుళాలు. 1970లో వెలువడిన 400 ఇంజను స్ట్రోక్ 3.75 అంగుళాలు. ఆ పెద్ద క్రాంకు బేరింగు భాగాలను లేతుపై 2.65 నుండి 2.45 అంగుళాలకు తగ్గించి 350 బ్లాకులో కూర్చి, సిలిండర్ల వ్యాసాన్ని 0.030 అంగుళం పెంచితే 383 ఘనపుటంగుళాలు, అనగా సుమారు 6.3 లీటర్లు సిద్ధిస్తాయి. నేడు ఇందుకు తగిన క్రాంకులు కొత్తవే లభిస్తున్నాయి.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. 350 నుండి 383కు పెరిగినది తొమ్మిది శాతం మాత్రమే. అది ప్రధానంగా తక్కువ వేగంలో లాగే బలాన్ని, అంటే టార్కును పెంచుతుంది. పెద్ద అశ్వశక్తి అంకె కావాలంటే ఇంజను అధిక వేగంలో కూడా ధారాళంగా శ్వాసించాలి. 500 అశ్వశక్తి కోరేవారు నిమిషానికి 6,000 చుట్ల వద్ద సుమారు 593 న్యూటన్ మీటర్ల టార్కును నిలుపుకోవాలి. దానికి మేలైన సిలిండర్ హెడ్లు, పెద్ద క్యామ్ షాఫ్టు అవసరం. అదే వేగం వద్ద పిస్టన్ సగటు వేగం సెకనుకు 17.7 మీటర్ల నుండి 19 మీటర్లకు పెరుగుతుంది గనుక రాడ్లు, బోల్టులు, పిస్టన్లు ఆ భారానికి తగినవై ఉండాలి. రాడ్లు బ్లాకు అంచుకు గాని, క్యామ్ షాఫ్టుకు గాని తగులకుండా చూసుకోవాలి. స్ట్రోక్ పెరిగినందున సంపీడన నిష్పత్తి కూడా పెరుగుతుంది. పిస్టన్ ఆకృతిని అందుకు తగినట్లు ఎన్నుకొననిచో బంకులో దొరికే పెట్రోలుతో ఇంజను కొట్టుకొనడం మొదలై, పిస్టన్లే పగిలే ప్రమాదం కలదు.

అశ్వశక్తి మోజులో పలువురు విస్మరించేది బ్రేకుల సంగతి. ఆ కార్లలో బ్రేకు పెడలుకు సాయపడే బూస్టరు ఇంజను పీల్చే శూన్యంపై ఆధారపడి పనిచేస్తుంది. మితిమీరిన క్యామ్ షాఫ్టు వేస్తే, బండి నెమ్మదిగా ఆడుతున్నప్పుడు ఆ శూన్యం తగ్గి పెడలు గట్టిపడుతుంది. బలం పెరిగిన బండికి ఆగే శక్తి తగ్గడం కన్న విపరీతం మరేముంటుంది? గేరుపెట్టె సంగతీ అటువంటిదే. 1987 నుండి 1992 వరకు వచ్చిన కమారోలో 350 ఇంజను కోరినవారికి కంపెనీ ఆటోమేటిక్ గేరునే ఇచ్చింది. నాటి ఐదు గేర్ల మాన్యువల్ పెట్టె ఆ టార్కును భరించలేకపోవడమే అందుకు కారణం. మామూలు ఇంజనునే మోయలేని పెట్టె స్ట్రోకరును ఎట్లు మోయగలదు?

ఇక చట్టం మాట. కాలుష్య నియంత్రణ పరికరాలను తొలగించడం అమెరికా సమాఖ్య చట్టం ప్రకారం నేరం. కాలిఫోర్నియాలో పాత పెట్రోలు కార్లలో 1975, అంతకు పూర్వపు నమూనాలకు మాత్రమే పొగ పరీక్ష నుండి మినహాయింపు ఉంది. ముప్పై అయిదేండ్లు దాటిన పాత కార్లకు మినహాయింపును విస్తరింపజేయాలని 2025లో ఆ రాష్ట్ర సెనేటులో ప్రవేశపెట్టిన బిల్లుకు హాస్యనటుడు జే లెనో మద్దతు తెలిపినా, అది ఆ ఏడాది ఆగస్టులో అసెంబ్లీ వ్యయ సంఘంలోనే ఆగిపోయింది. కాబట్టి 1970 నాటి కారుకు చెల్లే ఇంజను 1987 నాటి కారుకు చెల్లకపోవచ్చును. వేల డాలర్లు వెచ్చించిన బండి రిజిస్ట్రేషను దక్కక షెడ్డులో నిలిచిపోతే ఆ అశ్వశక్తి ఎవరికి ఉపకరిస్తుంది?

మన దేశంలో గీత ఇంకా కఠినం. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నంగా మారేట్లు బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుండి వచ్చిన వ్యాజ్యంలో దీనిని ధ్రువపరచింది. అదే సంవత్సరపు సవరణతో, అనుమతి లేని మార్పు చేయించిన యజమానికి ఆరు నెలల వరకు జైలు గాని, మార్పు ఒక్కింటికి 5,000 రూపాయల జరిమానా గాని, రెండూ గాని విధించే వీలు కలిగింది. సరిహద్దు జిల్లాలవారికి ఇది మరింత వర్తిస్తుంది. పన్నెండు నెలలకు మించి వేరే రాష్ట్రంలో ఉంచిన బండికి కొత్త నంబరు తీసుకోవాలి. అప్పుడు పత్రంలోని ఇంజను వివరాలకు, బండిలో ఉన్న ఇంజనుకు పొంతన కుదరకపోతే చిక్కు తప్పదు. అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల?

కావున అశ్వశక్తి అంకెతో మొదలుపెట్టి తక్కినవన్నీ దానికి అతికించడం సరియైన పథకం కాదు. కారు ఏ సంవత్సరానిది, ఏ చట్టం వర్తిస్తుంది, ఏ పెట్రోలు దొరుకుతుంది, బ్రేకులు, గేరుపెట్టె, రేడియేటరు ఎంత మోయగలవు అని ముందుగా తేల్చుకొని, వాటిలో మిక్కిలి బలహీనమైన దానిని బట్టి అంకెను నిర్ణయించాలి. జనరల్ మోటార్స్ తానే అమ్మిన 383 ఇంజన్లలో ఒకదానికి 425 అశ్వశక్తి వద్దనే హద్దు గీసింది. ఆ ఇంజనును తీర్చిదిద్దిన ఇంజనీర్లకు 500 అంకె తెలియక కాదు.