తుపాను రేవుకు హైబ్రిడ్ టగ్గే కావాలి

డాల్ఫిన్స్ నోస్ కొండను ఆనుకున్న ఇరుకు కాలవలోంచి విశాఖ ఇన్నర్ హార్బరులోకి పెద్ద ఓడ రావాలంటే టగ్గుల సాయం తప్పదు. టగ్గు చాలాసేపు ఓడ కోసం ఊరికే కాచుకుని ఉంటుంది, లేదంటే నింపాదిగా కదులుతుంది. పైలట్ వాకీటాకీలో చెప్పగానే తాడు బిగుసుకుంటుంది, వెనక నీళ్లు తెల్లగా సుళ్లు తిరుగుతాయి, గొట్టంలోంచి నల్లపొగ గుప్పున లేస్తుంది. అదంతా కాసేపే. ఓడ బెర్తుకు చేరగానే మళ్లీ ఎదురుచూపు. ఆ కాసేపటి కోసం పెట్టిన భారీ ఇంజిన్లే మిగతా సమయమంతా తిరుగుతూ ఉంటాయి. గ్లాసెడు కాఫీకి గాడిపొయ్యి వెలిగించినట్టు.

డీజిల్ ఇంజిను తన సత్తువలో ముప్పావు వంతు, ఆపైన పనిచేస్తున్నప్పుడే పొదుపుగా నడుస్తుంది. తక్కువ లోడు మీద తిప్పితే చేసిన పనికి తాగే ఆయిలు ఎక్కువ, మసీ ఎక్కువే. పైగా ప్రొపెల్లర్ లెక్క వేరు. వేగం సగానికి తగ్గిస్తే దానికి కావలసిన శక్తి దాదాపు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అంటే నింపాదిగా పోయే టగ్గుకు ఆ పెద్ద ఇంజిను అక్కర్లేనే లేదు. చిన్న జనరేటరు, మోటారు, కొంత బ్యాటరీ ఉంటే చాలు. బలంగా లాగాల్సి వచ్చినప్పుడే పెద్ద ఇంజిన్లను లేపాలి. హైబ్రిడ్ ఓడ సూత్రం ఇంతే.

2009లో అమెరికాలోని లాస్ ఏంజెలస్, లాంగ్ బీచ్ రేవుల్లో ‘కరోలిన్ డొరోతి’ అనే హైబ్రిడ్ టగ్గు పనిలోకి దిగింది. కాలిఫోర్నియా యూనివర్సిటీ రివర్‌సైడ్ పరిశోధకులు దాన్నీ, దాని తోటి మామూలు టగ్గునూ పోల్చి చూశారు. మసి 73 శాతం, నైట్రోజన్ ఆక్సైడ్లు 51 శాతం, కార్బన్ డయాక్సైడ్ 27 శాతం తగ్గాయి. నన్ను ఆకట్టుకున్నది ఈ అంకెల వెనకున్న కారణం. లాభంలో పెద్ద వాటా బ్యాటరీది కాదు. ఏ సమయంలో ఏ ఇంజిను నడవాలో చూసుకునే నియంత్రణ వ్యవస్థది, ప్రధాన ఇంజిన్ల బదులు చిన్న జనరేటర్లతో టగ్గును నడపగలగడానిది. బొగ్గుతో తయారైన కరెంటుతో ఛార్జి చేస్తే ఏం ఒరుగుతుందని అడిగేవాళ్లు ఈ సంగతి గమనించాలి. ఈ ఆదా గట్టు మీది కరెంటు దయ మీద ఆధారపడింది కాదు.

ఓడలో డీజిల్‌నూ కరెంటునూ జోడించడం పాత విద్యే. 1903లోనే రష్యాలో వోల్గా మీద ‘వాండల్’ అనే చమురు ఓడ డీజిల్-ఎలక్ట్రిక్ పద్ధతిలో నడిచింది. విశాఖ ఆర్.కె. బీచ్‌లో మ్యూజియంగా నిలిచిన జలాంతర్గామి ఐ.ఎన్.ఎస్. కురుసుర కూడా ఆ జాతిదే. గుండ్రటి ద్వారాల్లోంచి వంగి దూరుతూ పిల్లలు టార్పెడోల వైపు పరిగెడతారు కానీ, కాళ్ల కింద ఉండే లెడ్ యాసిడ్ బ్యాటరీలే నీటి అడుగున దాన్ని నడిపించేవి. వాటిని నింపడానికి మళ్లీ డీజిల్ ఇంజిన్లే దిక్కు.

మన దేశంలో ఇప్పుడు కళ్లెదుట కనిపించే రుజువు కొచ్చి. 2023 ఏప్రిల్ 25న మొదలైన వాటర్ మెట్రోకు 100 మంది పట్టే హైబ్రిడ్ బోట్లను కొచ్చిన్ షిప్‌యార్డే కట్టింది. లిథియం టైటనేట్ బ్యాటరీలు 10, 15 నిమిషాల్లో నిండుతాయి. అవసరం పడితే ఆదుకోవడానికి బోటులో డీజిల్ జనరేటరు ఉంది.

ఈ జనరేటరు సంగతే మన తీరానికి ముఖ్యం. 2024 ఆగస్టులో కేంద్రం హరిత టగ్గుల కార్యక్రమం మొదలుపెట్టింది. తొలి విడత జవహర్‌లాల్ నెహ్రూ, దీనదయాళ్, పారాదీప్, చిదంబరనార్ రేవులకు. విశాఖ అందులో లేదు. మొదట వచ్చేవి బ్యాటరీ టగ్గులు, హైబ్రిడ్‌కు తర్వాత అవకాశం ఉంది. విశాఖ వంతు వచ్చినప్పుడు ఆ వరస యథాతథంగా పాటించకూడదని నా గట్టి అభిప్రాయం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విరుచుకుపడ్డాక ఊరు రోజుల తరబడి కరెంటు లేకుండా ఉంది. గట్టు నుంచి ఛార్జింగ్ అందకపోతే పూర్తి బ్యాటరీ టగ్గు ఎంతసేపు లాగుతుంది? సహాయ సామగ్రితో వచ్చే ఓడను లోపలికి తేవాల్సింది సరిగ్గా అలాంటప్పుడే. అందుకే ఇక్కడికి హైబ్రిడ్ తప్పనిసరి.

బ్యాటరీల విషయంలో మంటల భయం నిజమైనదే. 2019 అక్టోబరులో నార్వేలో ‘యిట్టెరోయ్‌నింగెన్’ ఫెర్రీ బ్యాటరీ గదిలో మంటలు రేగాయి. మర్నాడు లోపల పేరుకున్న వాయువులు పేలాయి. గాలి బయటికి పోయే దారి, చల్లార్చే ఏర్పాటు, ఇంజిన్ రూము సిబ్బందికి హై వోల్టేజి శిక్షణ లేకుండా ఒక్క టగ్గూ నీళ్లలోకి దిగకూడదు. సముద్రాలు దాటే ఓడలకు మాత్రం బ్యాటరీ మీద ఆశ పెట్టుకోనక్కర్లేదు. కిలో డీజిల్‌లో సుమారు 12 యూనిట్ల శక్తి ఉంటే, ఓడల్లో వాడే బ్యాటరీలో కిలోకు యూనిట్‌లో ఐదో వంతు రావడమే కష్టం.

నౌకాదళానికి టగ్గులు కట్టిచ్చిన హిందూస్థాన్ షిప్‌యార్డ్ విశాఖలోనే ఉంది, ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ క్యాంపసూ ఇక్కడే ఉంది. టెండరు రాసే ముందు ఇప్పుడున్న టగ్గుల ఇంజిన్ల మీద లోడు నమోదు చేసే పరికరాలు పెట్టి, ఒక ఏడాది లెక్కలు బయటపెట్టాలి. ఎన్ని గంటలు ఊరికే తిరిగాయో, ఎన్ని నిమిషాలు నిండు బలంతో లాగాయో తెలిశాకే ఎంత బ్యాటరీ, ఎంత ఇంజిను అన్నది తేలుతుంది. ఆ లెక్కను రేవు పక్కనున్న పాతనగరం వాళ్లకూ చూపించాలి. టగ్గుల పొగ పీలుస్తున్నది వాళ్లే.