రొయ్య డాలర్లలో కూలీ వాటా ఏది?

రొయ్య అంటే డాలర్ల పంట అని పాలకులు చాటుతున్నారు. దేశంలో చెరువుల్లో పెంచే రొయ్యల్లో సగానికి పైగా మన ఆంధ్రా తీరానివే. మంచిదే. అయితే ఆ డాలర్లలో కూలీకి దక్కేదెంత? ఏ ఎగుమతి లెక్కలోనూ ఈ పద్దు కనపడదు.

ముందు ఇతర దేశాల సంగతి చూద్దాం. 1987లో చెరువు రొయ్యకు పేరుమోసిన తైవాన్ మరుసటేడే రోగాలతో కూలింది. 1993లో చైనా చెరువుల్ని తెల్లమచ్చ రోగం ఊడ్చేసింది. ఆ తర్వాత మన కోస్తాకీ వచ్చింది. 1999లో ఈక్వెడార్ వంతు. 2012 నాటికి థాయిలాండ్‌ని మరో రోగం పట్టింది. కొనే కంపెనీలకేం? ఇక్కడ దొరక్కపోతే అక్కడ కొన్నాయి. మునిగింది పని పోయిన కూలీ, లీజు కట్టలేని చిన్న రైతు. ఆ థాయిలాండ్‌లోనే బర్మా వలస కూలీల్ని షెడ్లలో బంధించి రొయ్యలు ఒలిపిస్తున్నారని 2015లో బయటపడింది.

మన దగ్గర? ఎకరం వరి అయితే ఊడ్పు, కలుపు, కోత, నూర్పు. ఊళ్ళో ఆడామగా అందరికీ పని. అదే ఎకరం చెరువైతే మేత చల్లేవాడొకడు, కాపలాకొకడు చాలు. పక్క చేలోకి ఉప్పు ఊరితే అక్కడి పనీ పోయినట్టే. భూమి ఉన్నవాడు లీజుకిచ్చుకుంటాడు. రెక్కలే ఆస్తి అయినవాడు ఏమివ్వాలి?

1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరం పొడవునా రొయ్యల చెరువులు తొలగించమంది. ఏడాదికి తగ్గకుండా పనిచేసిన కూలీలకు చట్టప్రకారం పరిహారంతోపాటు ఆరేళ్ళ వేతనం అదనంగా ఇమ్మంది. ఆ తీర్పు అమలు కాలేదు. 2005లో పార్లమెంటు కొత్త చట్టం చేసి చెరువుల్ని కాపాడింది. చెరువులకి చట్టం దొరికింది, కూలీకి ఆ ఆరేళ్ళ మాట కాగితం మీదే మిగిలింది.

2025 ఆగస్టులో అమెరికా సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడూ ఇదే తంతు. ఎగుమతిదారు రైతు రేటు కోశాడు. రైతు కూలీ రోజులు కోశాడు. కూలీ ఎవర్ని కోయాలి?

చెరువులన్నీ పూడ్చమని మనం అనడం లేదు. పంటభూమి చెరువు కావాలంటే గ్రామసభలో కూలీల మాట కూడా వినాలి. ఒలుపు షెడ్లలో ఆడకూలీలకు కనీస వేతనం, పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. అమలు కావాలి. చెరువు మూతపడితే కూలీకి పరిహారం ఇవ్వాలి. చిన్న రైతు కూడా ఈ కోర్కెలతో కలిసి రావాలి. అతని రేటు కోసే చెయ్యీ, కూలీ రోజులు కోయించే చెయ్యీ ఒకటే.