తెఱ ముందటి వ్యాయామము

గడచిన దసరా సెలవులకు ముందు మన పాఠశాలలో జరిగిన తల్లిదండ్రుల సమావేశమున నొక ప్రతిపాదన వచ్చెను. పిల్లలు స్థూలకాయులగుచున్నారనియు, రెండంతస్తులు మెట్లెక్కినంతనే యాయాసపడుచున్నారనియు, కావున క్రీడానిధినుండి సొమ్ము తీసి దేహవ్యాయామము చేయించు వీడియో గేము యంత్రములను రెంటిని కొని మేడమీది ఖాళీగదిలో నుంచిన బాగుండుననియు నొక తండ్రిగారు చెప్పిరి. కొందఱు చప్పట్లు కొట్టిరి. మఱికొందఱు, "వీడియో గేములు మాన్పింపవలసిన బడియే వానిని కొని పెట్టునా?" యని యాక్షేపించిరి. ప్రధానోపాధ్యాయులవారు తీర్మానమును వాయిదా వేసి, విషయమును విచారించి యీ సంచికకు వ్రాయుమని మమ్ము నాజ్ఞాపించిరి. అందుచే మా యెఱిగినంతవఱకు వ్రాయుచున్నాము.

చూడని వస్తువును గూర్చి తీర్పు చెప్పుట న్యాయము కాదు. ఎనిమిదవ తరగతి విద్యార్థి యొకని యింట నట్టి యంత్రము కలదని విని, యొక శనివారము సాయంకాలము బీరంగూడ కమాను దాటి వారి యింటికి బోయితిమి. వారు నాలుగవ యంతస్తున నుందురు. తండ్రి పటాన్‌చెరువులో మందుల కర్మాగారమున షిఫ్టు పని చేయువారు. యంత్రమును పిల్లవాని మేనమామ యమెరికానుండి వచ్చుచు దెచ్చినాడట. రింగ్ ఫిట్ అడ్వెంచర్ అను నీ యాటను జపాను దేశపు నింటెండో కంపెనీవారు 2019 అక్టోబరులో విడుదల చేసిరి. నొక్కిన వంగి విడిచిన మరల నిలుచు వలయ మొకటి చేత బట్టవలయును. పట్టీ యొకటి యెడమ తొడకు గట్టుకొనవలయును. కదలికను గుర్తించు చిన్న సాధనములు రెంటియందును గలవు. ఉన్నచోటనే పరుగెత్తినచో తెఱమీది వీరుడు పరుగెత్తును. వలయమును నొక్కినచో గాలి దెబ్బ కొట్టును. గుంజిళ్ళు తీసినచో రాక్షసుడు కూలును. బడిలో మేము శిక్షగా దీయించు గుంజిళ్ళను ఈ యంత్రము వేడుకగా దీయించుచున్నది గదా యని మాకు నవ్వు వచ్చెను. కొంత సిగ్గును కలిగెను.

మేమును నడుము బిగించితిమి. పదిహేను నిమిషములకే చొక్కా తడిసెను. నలువది దాటిన మోకాళ్ళు మూలుగసాగెను. పిల్లవాడు, "సార్, ఇంకొక్క రాక్షసుడే!" యని ప్రోత్సహించుచుండెను. ఇంతలో క్రింది యంతస్తువారు వచ్చి తలుపు తట్టి, కప్పు కదలుచున్నదని మర్యాదగానే చెప్పి పోయిరి. ఇట్టి యిబ్బందిని కనిపెట్టినవా రెఱుంగకపోలేదు. పరుగునకు బదులు చప్పుడు లేకుండ గుంజిళ్ళు తీయు నేర్పాటు నందే కలదు. పిల్లవాడు దానిని మాకు ముందుగా జెప్పలేదు. మమ్ము పరుగెత్తించుటయే వానికి వేడుక.

కాబట్టి మొదటి మాట యిది: ఈ యాటలో శ్రమ లేదనుట యబద్ధము. చెమట నిజమైన చెమటయే.

ఇట్టి యాటలు నిన్న మొన్న పుట్టినవి కావు. కాలితో బాణపు గుర్తులను ద్రొక్కుచు నాట్యమాడు డాన్స్ డాన్స్ రెవల్యూషన్ యంత్రమును 1998లో కొనామి వారు జపానునందు వెలువరించిరి. 2006లో నింటెండోవారి వీ, మఱుసటి యేడు డిసెంబరులో వీ ఫిట్, 2010లో మైక్రోసాఫ్టువారి కినెక్టు వచ్చెను. కినెక్టు చేత ఏమియు బట్టుకొనకయే మన దేహమును కెమెరాతో గుర్తించెడిది. ప్రపంచమెల్ల దానిని కొనియాడెను. 2017లో దాని తయారీయే నిలిచిపోయెను. వెస్టు వర్జీనియా రాష్ట్రమువారు నాట్యపు యంత్రమును తమ ప్రభుత్వ పాఠశాలలలో ప్రవేశపెట్టుదుమని 2006లో ప్రకటించిరి. ఈ దృష్టాంతమును ప్రతిపాదించిన తండ్రిగారు మాకు జూపిరి. ఒప్పుకొనుచున్నాము. కాని యచ్చట నది వ్యాయామోపాధ్యాయుని తరగతిలో నొక భాగముగా వచ్చినది గాని, తరగతికి బదులుగా రాలేదు.

గదిలో బుట్టిన యాట యాటయే కాదని పెద్దలు కొందఱు వాదింతురు. వారికి మా మనవి యొకటి. మన పిల్లలు నేడు మహోత్సాహముతో నాడు బాస్కెట్‌బాలు 1891లో స్ప్రింగ్‌ఫీల్డు నగరమున వై.ఎం.సి.ఎ. శిక్షణాలయమునందు జేమ్సు నైస్మిత్ అను నుపాధ్యాయుడు చలికాలమున విద్యార్థులు బయటికి బోలేక గదిలో విసిగియుండగా కల్పించినది. పండ్ల బుట్టలు రెండు గోడకు దగిలించి మొదలిడెను. వాలీబాలును నటులే 1895లో వై.ఎం.సి.ఎ. గదిలో బుట్టినదే. మదరాసునందు హెచ్.సి. బక్కుగారు 1920లో స్థాపించిన వై.ఎం.సి.ఎ. వ్యాయామ కళాశాలనుండి వెలువడిన యుపాధ్యాయు లిట్టి యాటలను మన దక్షిణ దేశపు బడులలో నేర్పిరి. ఒక కాలపు వింత మఱియొక కాలమునకు సంప్రదాయ మగుచున్నది. కావున క్రొత్తదనుట దోషము కాదు. ప్రశ్న వేఱు: ఈ యాటలవలన దేహము నిజముగా దృఢపడునా, పడిన నెంతకాలము?

దీనిని శాస్త్రజ్ఞులు కొలిచి చూచిరి. 2007లో ఇంగ్లండునందు లివర్‌పూలు పండితులు పదమూడు మొదలు పదునైదేండ్ల పిల్లలచేత వీ యాట లాడించి ఖర్చగు శక్తిని లెక్కించిరి. కూర్చుండి యాడు గేములకంటె నిది నిశ్చయముగా నెక్కువ. కాని నిజమైన టెన్నిసో బాక్సింగో ఆడినదానికంటె తక్కువ. 2011లో న్యూజీలాండునందు బరువు మిక్కిలియైన 322 మంది పిల్లలను రెండు పాళ్ళుగా జేసి, యొక పాలునకు దేహము కదల్చి యాడు గేముల నిచ్చి, ఆఱు నెలలు గమనించిరి. ఎత్తును బట్టి బరువును జూపు సూచికలో గేములు పొందినవారికి మేలు కనబడెను. ఆ మేలు పావు పాయింటు మాత్రమే. 2012లో అమెరికాయందు హ్యూస్టనువారు 78 మంది పిల్లలకు వీ యంత్రములను ఉచితముగానే యిచ్చిరి. సగముమందికి కదలి యాడు గేములు, తక్కినవారికి కూర్చుండి యాడు గేములు. పదమూడు వారములు నడుమునకు కదలిక కొలుచు పరికరమును గట్టి చూడగా, రెండు తెగల పిల్లల కదలికయందును భేదము కనబడలేదు! ఆడుకొమ్మని యెవ్వరును పురికొల్పకుండ నింట విడిచిన యంత్ర మెట్లు పని చేయునో యిది చెప్పుచున్నది.

మఱియొకటి యందఱు నెఱిగినదే. 2016లో పోకెమాన్ గో వచ్చినప్పుడు జనులు ఫోను చేతబట్టి వీధులవెంట దిరిగిరి; ఆ యేటి డిసెంబరులో మన దేశమునకును వచ్చెను. అమెరికాలో యువకుల యడుగులను లెక్కించిన పరిశోధకులు మొదటి వారమున దినమునకు సుమారు 955 అడుగులు హెచ్చినవనియు, ఆఱవ వారమునకు పూర్వస్థితియే వచ్చినదనియు దేల్చిరి.

ఆఱు వారములు! మేము చూడబోయిన పిల్లవానిని సంక్రాంతి సెలవుల పిమ్మట మరల నడిగితిమి. "నెల దాటినాక బోరు కొట్టింది సార్" అని చెప్పి తల వంచుకొనెను. ఆ వలయము నిప్పుడు వాని నాయనమ్మగారు ఉదయము సోఫాలో గూర్చుండి భుజముల పట్టు వదలుటకు నొక్కుచున్నారట. ఆమెకు గుణముగా నున్నదట. మనుమని కొఱకు వచ్చినది మామ్మగారికి ఉపకరించినది. ఈ సంగతిని మేము నవ్వులాటకు జెప్పుట లేదు. గడప దాటలేని వృద్ధులకును, మైదానమున నలుగురు నవ్వుదురని సిగ్గుపడు లావుపాటి పిల్లవానికిని, చీకటి పడినపిదప బయటికి పంపబడని యాడపిల్లకును, నలువది డిగ్రీల మే నెల మధ్యాహ్నమునకును ఈ యంత్రము పనికివచ్చును. 2020 మార్చిలో బడులు మూతపడి, పిల్లలు నెలల తరబడి నాలుగు గోడల నడుమ నున్నప్పు డిది యెవరి యింట నున్నదో వా రదృష్టవంతులే.

అయినను బరువు తగ్గుటకై దీనిని కొనదలచిన తల్లిదండ్రులకు మేము స్పష్టముగా జెప్పుచున్నాము: ఆ సొమ్ము నుంచుకొనుడు. అరగంట యాటలో ఖర్చగునది యొకటి రెండు సమోసాలతో దిరిగి వచ్చును. ఆడితివి గదా యని తల్లి ముద్దుచేసి యిచ్చు సీసాలోని తీపి పానీయముతో లెక్క తలక్రిందగును. కండ బలియుటకు నానాటికి భారము పెరుగవలయును. వలయపు బిగువున కొక హద్దు గలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2020లో చెప్పిన ప్రకారము ఐదు మొదలు పదునేడేండ్ల పిల్లలు దినమునకు సగటున 60 నిమిషములైన బాగుగ శ్రమించి కదలవలయును. తెఱ ముందటి యరగంట యందులో సగము. తక్కిన సగ మెచ్చట?

ఇచ్చటనే మా మనస్సు కష్టపడుచున్నది. బీరంగూడ పిల్లవాడు ఎచ్చట నాడుకొనును? ఇరువదియేండ్ల క్రిందట పొలములును బండరాళ్ళును ఉన్నచోట్ల నిప్పు డపార్టుమెంట్లు లేచినవి. ఒక ప్రక్క బొంబాయి రహదారి. లారీలకు తెఱిపి లేదు. గుట్ట యున్నది, పెద్దలు కొందఱు వేకువను ఎక్కి దిగుచున్నారు. 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలముగా ప్రకటింపబడిన అమీన్‌పూరు చెఱువున్నది. అది పక్షుల యిల్లు, క్రికెట్టు మైదానము కాదు. కొన్ని సాయంకాలములు పారిశ్రామికవాడ దిక్కునుండి వాసన వచ్చి తల్లులు కిటికీలు మూయుదురు. చిర్రగోనె యాడినచో కారు అద్దము పగులును. ఇట్టి పిల్లవానిని "మా చిన్నతనమున మేము చెఱువులో నీదితిమి" అని దెప్పుట పెద్దలకు దగదు. వాని మైదానమును దీసికొన్నది మనమే.

అందఱికంటె ముందు మేము. వ్యాయామపు గంటలు మా టైంటేబులులో వారమునకు రెండు కలవు. పదవ తరగతివారికి డిసెంబరు మొదలు అవి కాగితముమీదనే మిగులును. ఒకటి గణితమునకు, ఒకటి భౌతికశాస్త్రమునకు బోవును. ఆ గణితోపాధ్యాయులము మేమే. ట్రెయినింగు కళాశాలలో వ్యాయామము విద్యలో నొక యంగమని పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకొన్నవారమును మేమే. వీరఘట్టమున బుట్టిన కోడి రామమూర్తి నాయుడుగారు, కలియుగ భీముడని జగమెఱిగిన యా మల్లుడు, సైదాపేటలో వ్యాయామశిక్షణ పొంది విజయనగరమున బడిపిల్లలకు వ్యాయామోపాధ్యాయుడై యుండెనని తరగతిలో గర్వముగా జెప్పుదుము. చెప్పి, పిల్లలను మరల లెక్కలకు గూర్చుండబెట్టుదుము. బడి వెనుకటి స్థలమున 2022 వఱకు ఖోఖో స్తంభములు రెండుండెడివి. ఇప్పు డచ్చట మధ్యాహ్నమునుండి తొమ్మిది వ్యానులు నిలుచుచున్నవి. మేడమీద యంత్రములు పెట్టిన యెడల ఒక్కసారి యిద్దఱాడుదురు. నలుబదియైదుగురున్న తరగతిలో తక్కినవారు గోడ కానుకొని చూతురు. ఖోఖోకు రెండు కఱ్ఱలును కొంత సున్నమును చాలును. జట్టునకు తొమ్మండుగురు మైదానమున దిగుదురు. పైగా, యంత్రముతో జగడమాడి, మరునాడు సమాధానపడి, మరల జట్టు కట్టుటకు వీలు లేదు.

కావున క్రీడానిధితో నీ యంత్రములను కొనగూడదని మా యభిప్రాయము. ఇంట నెవరికైన నిదివఱకే యున్నచో దానిని నిందింపక, పిల్లవానితో గూడ తల్లియో తండ్రియో వారమునకు మూడు దినములు ఆడుడు. ఒంటరిగా నాడినవాడు మానినంత త్వరగా ఇద్దఱు కలిసి యాడినవారు మానరు. కొననివారు కొనకపోయిన లోటు లేదు. ఈ మాటలకు ప్రతిపాదించిన తండ్రిగారికి కోపము రాదని నమ్ముచున్నాము. పిల్లల యాయాసమును మాకంటె ముందు గమనించినవారు వారే.

తీర్మానము వచ్చు జూను నెల సమావేశమున మరల చర్చకు వచ్చును. ఈలోపల మేము వ్యాను యజమానులతో మాటలాడితిమి. బడి విడుచువఱకు బండ్లను గేటు వెలుపల నిలుపుటకు ఐదుగు రొప్పుకొనిరి. నలుగురు నీడ లేదని చెప్పుచున్నారు. ఖోఖో స్తంభములు సామానుల గదిలో బల్లల వెనుక దొరకినవి. ఒకదానికి చెదలు పట్టినది. ఒకటి బాగుగనే యున్నది.