కుక్కర్ విప్పే చేతికి కంప్యూటర్ ఓ లెక్కా?

ధర్మవరంలో మా చెల్లెలు పట్టుచీరల అంచులకు కంప్యూటర్‌లో డిజైన్లు గీస్తుంది. వాటిని బట్టే జకార్డు మగ్గానికి అట్టలు కొడతారు. పెళ్ళిళ్ళ ముందు ఆ కంప్యూటర్ మాటిమాటికీ ఆగిపోసాగింది. పెనుకొండలో చూపిస్తే "మదర్‌బోర్డు మార్చాల్సిందే" అన్నారట. వేలల్లో ఖర్చు! ఏడుపు గొంతుతో ఫోన్ చేస్తే హిందూపురంలో రైలెక్కాను.

నేనేం ఇంజనీరును కాను. కరెంటు తీసేసి మూత విప్పామంతే. ఫ్యాన్ కిందుండే అల్యూమినియం దిమ్మె, అదే హీట్ సింక్, వేలు తగిలితేనే కదులుతోంది. దాన్ని బిగించే నాలుగు ప్లాస్టిక్ మేకుల్లో రెండు విరిగాయి. మధ్యలో గాలి సందు పడితే వేడి బయటికి పోదు. చిప్ కాలిపోకుండా కంప్యూటర్ తనే ఆగిపోతుంది. అంతే జబ్బు!

చెల్లెలు జరీ పోగుతో కడదామంది. "వద్దు తల్లీ, లోహం తగిలితే షార్టవుతుంది" అన్నాను. బోర్డు బయటికి తీసి, పాత పేస్టు తుడిచి, బఠాణీ గింజంత కొత్త థర్మల్ పేస్టు పెట్టాం. విరిగిన చోట్ల కిందనుంచి ప్లాస్టిక్ టై దూర్చి, పైన ఇంకో టై తల ఎక్కించి, రెండువైపులా సమంగా లాగాం. ఆగకుండా నడిచింది. ఇది తాత్కాలికమే, కొత్త మేకులు వేయించుకోవాల్సిందే. కానీ ఆర్డరు చేజారలేదు.

కుక్కర్ గాస్కెట్, మిక్సీ వాషర్ మనమే మారుస్తాం. కంప్యూటర్ అనగానే "మగవాళ్ళు చూస్తార్లే" అంటామెందుకు? రిపేరు మనకు రాకపోవచ్చు. జబ్బేమిటో తెలుసుకుంటే చాలు, ఎవరు ఎంత చెప్పినా తలూపే అవసరముండదు. మన సంపాదన దాని మీదే ఉన్నప్పుడు, మూత విప్పి చూసే ధైర్యం మనకే ఉండాలి కదా!