సిఫారసుకు ముందు కణాన్ని చదవాలి

అరకు, పాడేరు, చింతపల్లి కొండవాలులలో చోడి, సామ, వలిసె ప్రధానంగా వర్షాధార పంటలు. వాన వెనుకబడితే విస్తరణ శాస్త్రవేత్తకు ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: ఏమి పిచికారీ చేయాలి? దీనికి సమాధానం ఇచ్చేముందు కణంలో జరిగే ఒక సూక్ష్మ వ్యవహారాన్ని గమనించాలి.

అమైనో ఆమ్లాలను రైబోజోముకు చేర్చేది బదిలీ ఆర్.ఎన్.ఎ. 1965లో రాబర్ట్ హాలీ బృందం ఈస్టులోని అలనిన్ బదిలీ ఆర్.ఎన్.ఎ. క్రమాన్ని వెల్లడించినప్పుడే అందులో సాధారణ క్షారాలతోపాటు మార్పు చెందినవీ కనిపించాయి. నేడు అటువంటి మార్పులు వందకు పైగా తెలుసు. కొన్ని బదిలీ ఆర్.ఎన్.ఎ.లలో ప్రతిసంకేతం పక్కన, 37వ స్థానంలోని అడినోసిన్‌కు ఎంజైములు ఐసోపెంటెనిల్ సమూహాన్ని చేరుస్తాయి. దానివల్ల సంకేత పఠనం స్థిరపడుతుంది. ఆ అణువు విచ్ఛిన్నమైనపుడు అదే భాగం సైటోకైనిన్‌గా వెలువడుతుంది. ఆకులపై నివసించే మిథైలోబాక్టీరియంలో ట్రాన్స్-జియాటిన్‌కు మూలం బదిలీ ఆర్.ఎన్.ఎ. యేనని 2002లో తేలింది. బెట్టను తట్టుకొనేందుకు ఈ గులాబీరంగు బాక్టీరియా పిచికారీని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం ప్రచారంలోకి తెచ్చింది.

అయితే బాక్టీరియా హార్మోనును తయారుచేస్తుంది కనుక చోడి దిగుబడి పెరుగుతుందనడం తొందరపాటు. ఈ మార్గంలో ఉత్పత్తి స్వల్పం. పైగా సైటోకైనిన్‌ను విచ్ఛిన్నం చేసే ఆక్సిడేజ్ ఎంజైములు మొక్కలోనే ఉన్నాయి. హార్మోను ఎంత చేరింది, ఎంతసేపు నిలిచింది అన్న రెండు మెట్లు ఎక్కకుండా దిగుబడిని చేరలేము.

చవకైన పరిష్కారాన్ని పరీక్షల పేరుతో ఆలస్యం చేయరాదనే వాదన తోసిపుచ్చదగినది కాదు. కాని గిరిజన రైతుకు ఖర్చు మందు ధరతో ముగియదు. వాగు నీటిని వాలు మీదికి మోయాలి. కలుపుతీతకు అక్కరైన పనిదినాలను పిచికారీకి మళ్లించాలి. ఫలితం రాకపోతే ఆ అదను తిరిగి రాదు.

అందువల్ల చింతపల్లి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం వంటి చోట, స్థానిక చోడి రకాలపై, కనీసం రెండు ఖరీఫ్‌లలో పోలిక జరగాలి: సజీవ బాక్టీరియా, వేడిచేసి చంపిన బాక్టీరియా, కేవలం నీరు. సజీవ, మృత బాక్టీరియాల ఫలితాలు సమానమైతే, పనిచేసినది ఆకుపై పెరిగిన జీవి కాదని తెలుస్తుంది. నీటి ఫలితమే అన్నిటికీ సమానమైతే సిఫారసే అనవసరం. స్నాతకోత్తర విద్యార్థి చేపట్టదగిన ఈ పరీక్షను కొండ రైతు పొలానికి వదిలివేయడం న్యాయం కాదు.