పాత పేపర్లలో పోయిన నాన్నమ్మ

సంక్రాంతికి ఇల్లు దులపడమంటే మన ఆడవాళ్ళకి ఎక్కడలేని హుషారు వస్తుంది. ఆ ఊపులో ఏది పనికొచ్చేది, ఏది కానిది అని ఆగి చూసుకోం. మూడేళ్ళ క్రితం నేనూ అలాగే అటక మీదవీ, మంచం కిందవీ లాగి, పాత పేపర్లవాణ్ణి పిలిచి తూకానికి వేసేశాను. వచ్చిన డబ్బుల్తో ముగ్గుల్లోకి రంగులు కూడా కొనుక్కున్నాను.

వేసవి సెలవుల్లో మా పాప అడిగింది. "అమ్మా, నేను వేసిన నాన్నమ్మ బొమ్మ ఏదీ?"

గుండె గుభేలుమంది. పాప బొమ్మలన్నీ నా కథల చిత్తుకాగితాల వెనకవైపే వేసేది. పొడుగు కాగితాలు, ఒక వైపు ఖాళీ, దానికింక కావలసిందేముంది! దులుపుడు రోజున నా కథల సాఫుప్రతుల్ని మాత్రం అట్ట ఫైల్లో పెట్టి, దారం కట్టి, బీరువాలో దాచుకున్నాను. చిత్తుకాగితాలు అమ్మేశాను. కాగితం తిప్పి రెండోవైపు చూద్దామని తోచనే లేదు.

ఆ బొమ్మ నాకు బాగా గుర్తు. అప్పటికి దానికి ఐదేళ్ళు. మా అత్తయ్యగారు మంచం మీద కూచుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు. తలకాయ చిన్నది, చేతులు మాత్రం మంచమంత. ఒక చేతికి ఏడు వేళ్ళు. ఆవిడ కళ్ళజోడుకి ఒకవైపు కాడ విరిగితే దారం కట్టుకుని చెవికి తగిలించుకునేవారు. ఆ దారాన్ని ఎర్ర స్కెచ్‌పెన్నుతో చెవి దాకా గీసింది. ఆ కార్తీకంలోనే ఆవిడ పోయారు. ఇప్పుడు గోడ మీదున్న ఫోటోలో పట్టుచీర కట్టుకుని, కళ్ళజోడు తీసేసి, స్టూడియో అతను చెప్పినట్టు బిగుసుకుని కూచున్నారు. మాకు తెలిసిన మనిషి ఉన్నది ఆ బొమ్మలో.

మతిమరుపని సర్దిచెప్పుకోవచ్చు. కానీ అదే పాప యూకేజీ ప్రోగ్రెస్ కార్డు లామినేషన్‌తో సహా మా ఇంట్లో భద్రంగా ఉంది. మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది. మార్కులు బడి ఇచ్చినవి కాబట్టి దాచాం. బొమ్మ పిల్ల చేతిలోంచి వచ్చింది, దానికి ఎవరి సంతకమూ లేదు కాబట్టి చిత్తుకాగితం అయింది. ఒక్కోసారి అనిపిస్తుంది, ఇందులో మన అలవాటు కూడా ఉందేమోనని. పొద్దున్నే వేసిన ముగ్గుని మర్నాడు ఊడ్చేసే చేతులు మనవి. గీసింది నిలవాలన్న ఆశ మనకే లేనప్పుడు పిల్లల గీతల్ని ఎందుకు లెక్కచేస్తాం?

స్విట్జర్లాండ్‌లో పుట్టి పెరిగిన పాల్ క్లీ అనే పేరున్న చిత్రకారుడికి 1902లో, తల్లిదండ్రుల ఇంట్లో తన చిన్ననాటి బొమ్మలు దొరికాయి. 1911లో తన చిత్రాలన్నిటికీ పట్టిక రాసుకోవడం మొదలుపెట్టినప్పుడు వాటిలో కొన్నిటిని ఏరి అందులో చేర్చుకున్నాడు. మన పిల్లలంతా చిత్రకారులు కావాలని కాదు నేను చెప్పేది. ఏవి తనవో పెద్దయ్యాక ఎంచుకునే వీలు అతనికి దక్కింది. ఎంచుకోవాలంటే ముందు అవి ఇంట్లో ఉండాలి కదా!

ఆ వేసవిలోనే ముందుగదిలో కిటికీ ఊచకీ, పుస్తకాల అలమర కొక్కేనికీ మధ్య పురికొస కట్టాను. మాది అద్దె ఇల్లు, గోడకి మేకు కొడితే ఇంటివాళ్ళు ఊరుకోరు. బట్టల క్లిప్పులతో ఎనిమిది బొమ్మలు వేలాడదీశాం. మా బంధువొకావిడ చూసి, "ఇదేంటే, బట్టలారేసినట్టు ఈ కాగితాలేంటి?" అంది. మావారు కూడా చుట్టాలొచ్చినప్పుడు తీసెయ్యమన్నారు. గృహప్రవేశాల్లో ఇచ్చిన ప్లాస్టిక్ పూలగుత్తుల్ని షోకేసులో పెడితే మాత్రం ఎవరూ ఏమీ అనరు! తియ్యలేదు.

మొదట్లో నేను చేసిన తప్పొకటి చెప్పాలి. రెండు కొండలు, మధ్య సూర్యుడు, కింద ఏరు, పక్కన కొబ్బరిచెట్టు, బళ్ళో అందరిచేతా వేయించే ఆ బొమ్మనే ముందు తగిలించాను. చూసినవాళ్ళకి అర్థమవుతుంది, "బాగుందే" అంటారు. వంకరటింకరవి లోపల పెట్టాను. పాప రెండు రోజులు చూసి, "అది టీచర్ బొమ్మమ్మా" అంది. అప్పట్నించి ఏది తగిలించాలో దాని ఇష్టం. ఆదివారం ఆదివారం మారుస్తుంది. కొన్ని ఎవరికీ చూపించొద్దంటుంది. చూపించను. ఫోన్లో స్టేటస్‌గా పెట్టడం కూడా మానేశాను. ఇరవై నాలుగు గంటల్లో మాయమైపోయేదానికి నలుగురు బొటనవేలు చూపిస్తే అది గోడ మీద ఉన్నట్టు కాదు. అయితే ఫోటో తీసి ఉంచడం మంచిదే, కాగితం పోయినా అదైనా ఉంటుంది.

దాచడంలో నాకు దెబ్బలు తగిలాక తెలిసినవి కొన్నున్నాయి. స్కెచ్‌పెన్ను రంగు ఎండకి వెలిసిపోతుంది. కిటికీ ఎదురుగా రెండు నెలలుంచితే గులాబీరంగు చీర కాస్తా తెల్లచీరైంది. బాగా ఇష్టమైనదైతే కలర్ జిరాక్సు తీయించి దాన్ని తగిలించండి, అసలుది లోపల పెట్టండి. సెల్లోటేపు కొన్నాళ్ళకి పసుపెక్కి ఊడిపోతుంది, జిగురు మాత్రం కాగితాన్ని వదలదు. క్రేయాన్ బొమ్మని లామినేషన్‌కి ఇచ్చారో, ఆ వేడికి మైనం కరిగి అలుక్కుపోతుంది. పైగా ఒకసారి అంటించాక విడదీయడం ఉండదు. అద్దం కట్టిస్తే బొమ్మకీ అద్దానికీ మధ్య చుట్టూ అట్ట అంచు వేయించండి, లేకపోతే వానాకాలం చెమ్మకి రంగు అద్దానికి పట్టుకుంటుంది.

మిగతావాటికి చీరల అట్టపెట్టె చాలు. మడతపెట్టకుండా పరిచి, మధ్యమధ్య తెల్లకాగితం వేసి, అటక మీద కాకుండా బీరువాలో పెట్టండి. స్నానాలగది గోడకి ఆనుకున్న అలమర అసలొద్దు, చెమ్మ ఉన్నచోటికే చెదలూ, పుస్తకాలు కొరికే పురుగులూ చేరతాయి. ఏడాదికోసారి తీసి నీడలో గాలికి ఆరబెడితే మంచిది. అన్నీ దాచలేం. పిల్లలు రోజుకి నాలుగు గీస్తారు, మన ఇళ్ళు చూస్తే ఇంతింత. అందుకే పుట్టినరోజుకి ముందు ఇద్దరం కూచుని పాతిక ఏరుతాం. మిగతావి పాప చేత్తోనే పాత పేపర్లలో వేస్తుంది. తనకి తెలిసి పోతాయి.

ఉంచినవాటి వెనక పెన్సిల్‌తో తేదీ, వయసు, బొమ్మ గురించి పాప చెప్పిన మాట రాస్తున్నాను. సిరా వద్దు, రెండోవైపుకి దిగుతుంది. "ఇదేంటి?" అని అడిగితే మొహం ముడుచుకుంటుంది, "దీని సంగతి చెప్పవే" అంటే అరగంట చెబుతుంది.

మొన్న మూడో తరగతి సెలవుల్లో మళ్ళీ నాన్నమ్మ బొమ్మ వెయ్యమని అడిగాను. వేసింది. తలకాయ తలకాయంతే ఉంది, వేళ్ళు సరిగ్గా ఐదైదు. పట్టుచీర, జరీ అంచు, అచ్చం గోడ మీది ఫోటోలాగే.

"మరి కళ్ళజోడూ, దారం?" అన్నాను.

"ఏ దారం?" అంది.

ఆ దారం సంగతి నేనే బొమ్మ వెనక రాసి, పురికొసకి తగిలించాను.